అటో ఇటో

రామగిరి గుట్టల వెనక, క్రషర్ దగ్గర
సుత్తి దెబ్బకు నైసు రాయి విరిగింది.
లోపల చారలు చారలు,
పాలు పొంగి మాడిన గిన్నె అడుగులాగ.

"ఏం జేస్తావు నాయినా దీన్ని?" అంది మాబున్ని,
కంకర తట్ట దించకుండానే.
వయసు కనుక్కోవాల, అన్నాను.
ఆకొక్క నోటితో నవ్వింది.

నాలుగు నెలలు పట్టింది.
దంచాను, జల్లించాను, కడిగాను,
మా జేజి చేటతో చెరిగినట్టు
తేలికదంతా పోనిచ్చి బరువుది మిగుల్చుకున్నాను.
అయస్కాంతం వద్దన్నవే నాకు కావాల్సినవి.
ఒక్కొక్కటీ గసగసాల గింజలో సగం లేదు,
తేనె రంగు.
తడిపిన వెంట్రుకతో ఏరాను,
తుమ్మొస్తుందేమోనని భయపడుతూ.

జిర్కాన్ పుట్టేటప్పుడు
యురేనియాన్ని ఇంట్లోకి రానిస్తుంది,
సీసాన్ని గడప దాటనివ్వదు.
ఇప్పుడు లోపలున్న సీసమంతా
ఆ ఇంట్లో పుట్టి పెరిగిందే.
లెక్క అంతే.

గింజ నడిబొడ్డుకు రెండొందల డెబ్బై కోట్ల ఏండ్లు.
మనిషి లేడు. చేప కూడా లేదు.
చుట్టూ సన్నని అంచు,
కొండ మళ్ళీ ఉడికినప్పుడు కట్టుకున్న పొర,
దానికి ఇరవై కోట్లు తక్కువ.
కాయితం మీద అచ్చయి వచ్చింది:
అటో ఇటో ముప్పై లక్షలు.
ఆ ముప్పై లక్షల్ని ఎవరూ తప్పు పట్టలేదు.

చెబుదామని పోయాను.
క్రషర్ దగ్గర లేదు మాబున్ని.
సచివాలయం మెట్ల మీద కూర్చోనుంది,
ఒళ్ళో ప్లాస్టిక్ కవరు.
ఆధార్‌లో జనవరి ఒకటి.
రేషన్ కార్డులో ఇంకో ఏడు.
వాళ్ళమ్మ చెప్పింది మాత్రం
చెరువు కట్ట తెగిన ఏడు,
కొర్ర కోతలప్పుడు, మూడు దినాల ముసురులో.
పింఛనుకు రెండేండ్లు చాలవంట.
"అటో ఇటో అంటే ఒప్పుకోరంట నాయినా."

రాయి సంగతి చెప్పాను.
కోట్ల దగ్గర ఆమె ఆగలేదు.
"ఎవురు చెప్పినారు దానికి, వాళ్ళమ్మా?"
గింజలోనే రాసుంది, అన్నాను.
ఒక గింజకు రెండు ఈడులు.
"మరి దేన్ని రాసుకున్యావు?"
రెండూ.

కాసేపు మాట్లాడలేదు.
బొటనవేలి గోరు కింద
ఎప్పుడో తగిలిన సుత్తి దెబ్బ,
సీసం రంగులో, సగం పైకి జరిగుంది.
దాన్నే చూసుకుంటా
కవరులోంచి రెండు కార్డులూ తీసి
నా చేతిలో పెట్టింది.

లోపల కుర్చీ జరిపిన చప్పుడు.
అన్నం తినే టైమయింది వాళ్ళకు.