వినబడకముందే

నెల్లిమర్ల మిల్లులో
ఇరవై రెండేళ్లు మగ్గం పక్కన నిలబడ్డాను.
అక్కడ మాటకి పనిలేదు.
కనుబొమ్మ ఎగరేస్తే దారం తెగిందని,
రెండు వేళ్లు చూపిస్తే టీ,
గుప్పిట ఊపితే సూపర్‌వైజర్ వస్తున్నాడని.
సైరన్ కూశాక సైకిలెక్కితే
మగ్గం కూడా వెనక సీటు మీద కూర్చుని
ఇంటికొచ్చేసేది.

అన్నం చాలనడానికి కూడా అరిచేవాణ్ణి.
మా హేమ పుస్తకం పట్టుకుని
పక్కింటి అరుగు మీదకి పోయేది.
"నాన్నది కోపం కాదే, గొంతే అంత" అని
మా సన్యాసమ్మ దానికి సర్దిచెప్పేదట.
ఇది నాకు మొన్ననే తెలిసింది.

గోగునార దూగరకి దగ్గు,
దగ్గు మరిచిపోడానికి చుట్ట,
చుట్ట ఘాటుకి టీ,
టీ తాగితే పట్టని నిద్ర.
ఒంటికి నేను పెట్టిన షిఫ్టులు ఇవీ.

ఒకనాడు గేటుకి కాగితం అంటించారు.
మర్నాడు ఊరంతా నిశ్శబ్దం,
నా చెవుల్లో మాత్రం
పగలూ రాత్రీ కీచురాళ్లు.

తవిటినాయుడు వదల్లేదు,
విజయనగరం పెద్దాసుపత్రికి లాక్కెళ్లాడు.
అద్దాల గదిలో కూర్చోబెట్టి
చెవులకి రెండు డిప్పలు తగిలించి
చేతికో మీట ఇచ్చింది ఒక పిల్ల.
"సౌండు వినబడినప్పుడు నొక్కు బాబాయ్."
నొక్కాను.
మళ్లీ నొక్కాను.
పరీక్షంటే పాసవ్వాలి కదా, గబగబా నొక్కాను.
ఆ పిల్ల తలుపు తీసుకుని వచ్చి
నా మొహానికెదురుగా వంగి, నెమ్మదిగా,
"నేను ఏ సౌండూ పెట్టనప్పుడు నొక్కేశావు,
పదకొండు సార్లు" అంది.

కాంప్లెక్సులో బస్సు కోసం నిలబడి
ఆ పదకొండూ ఎక్కడెక్కడివో వెతుక్కున్నాను.
"నాన్నా, లెక్కల మాస్టారు..." అని హేమ అంటుంటే
ఫీజు కట్టేశాను పొమ్మన్నది ఒకటి.
గట్టు తగువు చెప్పడానికి తమ్ముడొస్తే
వాడు నోరు తెరవకముందే
కండువా దులుపుకుని లేచిపోయింది ఇంకోటి.
గుండెలో నొప్పొచ్చిన రాత్రి
గ్యాసులే అని నాకు నేనే చెప్పేసుకున్నది,
అదీ కలపాలి.
ఆరు దాటకముందే బస్సొచ్చింది.
లెక్క మాత్రం నెల్లిమర్ల దాకా సాగింది,
పదకొండు దగ్గర ఆగలేదు.

ఆ రాత్రి సన్యాసమ్మ
గోడవైపు తిరిగి చింతపండు పిక్కలు తీస్తోంది.
ఎప్పట్నుంచో అది గోడకే చెప్పుకోవడం అలవాటు చేసుకుంది.
వెళ్లి పెదాలు కనిపించేలా ఎదురుగా కూర్చున్నాను.
"ఏటలా సూస్తన్నావు?"
"ఇంటన్నాను."
"నీకేటైనా అయినాదేటి?"
నవ్వింది. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.
తుప్పు పట్టిన గొళ్లెం ఒక్క లాగుకి రాదు.
ముందు కూరలో ఉప్పు గురించి వచ్చింది,
తర్వాత ఈ ఏటి చింతపండు ధర,
ఆ తర్వాత, పిక్కల వంకే చూస్తూ,
"రాత్రేళ కుడిచెయ్యి తిమ్మిరెక్కిపోతంది,
రెండేళ్లై సెప్తన్నాను" అంది.
రెండేళ్లు.
ప్రతిసారీ నేను "ఊఁ" అన్నానట.

ఇప్పుడు తెల్లారకుండానే ఇద్దరం
చంపావతి ఇసకలో నడుస్తున్నాం.
ఆవిడ కుడిచేతికి పట్టీ ఉంది.
వచ్చాక చోడంబలి, నంజుకోడానికి ఉల్లిపాయ.
చుట్ట మానేశానని చెప్పను,
చూరులో ఒకటి ఉంది,
అది నన్ను పిలుస్తుంది, నేను దాన్ని వింటాను,
వినడమంటే లేచి వెళ్లడం కాదని
ఈ మధ్యే తెలుస్తోంది.

ఇవాళ రెల్లు దగ్గర ఆవిడ ఆగింది,
వేలెత్తి,
"అదిగో, పిట్ట! ఇనబడినాదా?"
సన్నటి శబ్దాలు నాకిక అందవని
డాక్టరు ముందే చెప్పాడు.
బొటనవేలు అలవాటుగా మీట కోసం కదిలింది.
ఆపి, "లేదు" అన్నాను.

ఆవిడ నడవడం మాని
నా వైపు తిరిగి
పెదాలు సున్నాలా చుట్టి
ఆ పిట్ట ఎలా కూసిందో
చేసి చూపించింది.