నీళ్లు కొట్టేదాని లెక్క

మడికొండ దాటినంక
రోడ్డుకు ఇటు ఒక కంపెనీ, అటు ఒక కంపెనీ.
ఇటు బోర్డు మీద ఏనుగు నవ్వుతది,
అటు బోర్డు మీద చేప నల్లకండ్లద్దాలు పెట్టుకుంటది.
రెండూ దసరాకే తెరుస్తరట.

రాజవీరు చాయ్ హోటల్ల పందెం నడుస్తున్నది:
ఏనుగోళ్లు పదకొండు దినాలల్ల పన్నెండు పిల్లర్లు లేపిన్రు,
చేపోళ్లు ఇంక నాలుగు కాడనే ఉన్నరు.
అందరు చాయ్‌కి చాయ్ కాస్తే
మొగిలి ఏకంగ కోడిపుంజునే ఒడ్డిండు.

నన్నెవ్వరు అడుగలె.
రెండు దిక్కులా నీళ్లు కొట్టినదాన్ని నేను.
ఎండకాలమంత చేపోళ్ల కాడ,
మిరుగు దాటినంక ఏనుగోళ్ల కాడ,
కూలి అరవై రూపాలు ఎక్కువని.

పోసిన పిల్లరుకు గోనెసంచి చుట్టాలె.
పొద్దుగాల, పగటీలి, మాపటీలి తడపాలె.
చెయ్యి పెడితె లోపల కాలుతుంటది
జరమొచ్చిన పోరని నుదురు లెక్క.

చేపోళ్ల మేస్త్రి పాపినాయుడు, సీకాకుళమాయన,
పిల్లరు పిల్లరుకు సుద్దముక్కతోని దినానికో గీత గీసేటోడు.
ఇరవై ఒకటి పడ్డంకనే సంచి ఇప్పనిచ్చేటోడు.
"పాలు తాగే పిల్లని పరుగుపందేనికి తోల్తామేటి?" అనేటోడు.
ఇంజనీరు తిట్టినా అదే మాట.
నేను పోయేనాడు కూలి లెక్కజేసి ఇచ్చుకుంట
ఆ పైసలల్ల ఒక సుద్దముక్క గూడ పెట్టిండు.
ఎందుకో చెప్పలె.

ఏనుగోళ్ల కాడ ఐదోనాడే సంచి ఇప్పి
పక్క పిల్లరుకు కట్టమంటరు.
బోరు నీళ్లు అలల కొలనుకు కావాలెనట,
ఎండిన చెలకల సముద్రం చూపియ్యాలె గద.

ఏడో పిల్లరు ఇంక చల్లారనే లేదు,
దాని నెత్తిన ఇనుప పట్టాలు ఎక్కిచ్చిన్రు.
రేపు దాని మీదికెల్లే బండి తలకిందులైతదట,
పోరగాండ్లు కేకలేస్తరట.
మొదటిరోజు మాకు పాసులు ఫ్రీ.
మా మనుమరాలు ఇప్పటిసంది గంతులేస్తున్నది.

సూపర్‌వైజరు పోయినంక
రెండు బిందెలు మోసుకపోయి ఏడోదానికి పోస్తున్న.
ఎవ్వరు కూలియ్యరు దీనికి.
రొండిల సుద్దముక్క తీసి గీతలు పెట్టిన, తొమ్మిదైనయి.

రాత్రి వాన గొట్టి అన్నీ తుడుచుకపోయినయి.
వాన నీళ్లు గూడ నీళ్లే అనుకోవాల్నా,
రేకుల కింద ఉన్నదానికి ఎన్ని అందినయో.
పొద్దుగాల చెయ్యి పెట్టి చూసిన.
మల్ల ఒకటికాడికెల్లి మొదలుపెట్టిన.