బెట్ట పూత

పాత స్టార్టరు డబ్బా అమ్ముదామని అనంతపురం వస్తే
ఇనుప సామాన్లోడు బువ్వకు పోయినాడు.
పాతూరు సందులో, పక్కనే నబీరసూల్ అత్తరంగడి,
మంచమంత వెడల్పు.
మెట్టు మీద కూచున్నా, డబ్బా ఒళ్ళో పెట్టుకొని.

"ఊరికే కూచుంటే ఎట్లప్పా" అని ఆయప్ప
కంటిమందు సీసాకన్నా చిన్నదాని మూత తీసినాడు.
గాజుపుల్లతో మణికట్టు మీద ఒక్క గీత.
"నారింజ పూలది. తులం ధర చెప్తే లేచిపోతావు."

వాసన చూసినా.
చూసి, చెయ్యి దూరంగా పెట్టుకున్నా.

ఆయప్ప నారింజ అన్నాడు. నా ముక్కుకు చీనీ.
నార్పల కాడ నాలుగు వందల చెట్లు.
తెల్లారుజామున మోటరెయ్యను పోతే
బ్యాటరీ వెలుతురుకన్నా ముందే దోవ చూపించేది.

"ముందొచ్చి ముందే పోతాదిది, ఓపిక లేదు.
గంధం మీద కూచోబెడితేగాని నిలవదు."

చెప్పినా: దీన్ని పిలవడం మాకూ తెలుసు.
నెల దినాలు నీళ్ళాపల్ల.
పాదులు నెర్రెలిచ్చి, ఆకు దోనెలా ముడుచుకోవల్ల.
అప్పుడొక్క తడి ఇస్తే
మూడు వారాలకు కొమ్మ కనపడదు, అంతా పూతే.
బెట్ట అంటాం.
మీరు బట్టీకి నిప్పు పెట్టినట్టు
మేం చెట్టుకు దప్పిక పెడతాం.

నబీరసూల్ తలాడించి ఇంకో సీసా అందుకున్నాడు.
మట్టి అత్తరు.
"ఒక్క బొట్టు కలుపుతా. నీ తొలి తడి కూడా వస్తాది."

వద్దన్నా.

ఆఖరేడు బెట్ట మేం పెట్టలేదు, బోర్లు పెట్టినాయి.
ఐదోది తొమ్మిది వందల అడుగులు పోయి తెల్లదుమ్ము కక్కింది.
తడి లేదు.
అయినా పూసింది తోట, ఎన్నడూ పూయనంత.
దళారి గట్టు మీద బండాపి
"ఈసారి నీ పంట పండిందిపో" అన్నాడు.
మా ఎర్రక్క మాత్రం పువ్వొకటి నలిపి
"సచ్చేముందు చెట్టు ఇట్లే పూస్తాదిరా" అనింది.
వైశాఖంలో బొగ్గులోళ్ళు రంపాలు తెచ్చినారు.

"మరేం కలపమంటావు?"
"ఈ డబ్బాలో కాలిన కాయిలు వాసనుంది. అది కలుపు."

నవ్వుతాడనుకుంటి.
నిజంగానే వంగి, డబ్బా సందుకు ముక్కు ఆనించి
చాలాసేపు చూసినాడు.
ఏమీ అనలేదు. దూది ముంచి నా చెవి మడతలో పెట్టి
దుడ్లు వద్దన్నాడు.

బుక్కరాయసముద్రం దాటేసరికి
మణికట్టు మీద చెమట తప్ప ఏం లేదు.

రాత్రి ఆ చెవి పక్కకే ఒత్తిగిలినా,
దూది సంగతి మరిచి.
పువ్వు ఎప్పుడో పోయింది.
ఆకు నలిపితే వచ్చే పచ్చి చేదు
ఇంకా ఉంది.

తెల్లారేదాకా
ఇంకో పక్కకు తిరగలేదు.