పన్నెండో మనిషి

మా ఊళ్ళో మైకు స్తంభాలు నలభై ఆరు.
స్తంభానికి నాలుగు నోళ్ళు. సునామీ కోసం పెట్టినవి.
సాయంత్రం ఐదింటికి పిల్లల్ని ఇళ్ళకు పొమ్మంటాయి,
ఊరు మొత్తానికి పిల్లలు ఏడుగురే మిగిలినా.
తక్కిన వేళల్లో వాటి గొంతు నాది.

ఉద్యోగంలో చేరిన రోజు నేర్పారు:
ఒక మాట అను. ఆగు.
అవతలి కొండ ఆ మాట తిరిగి ఇచ్చేదాకా ఆగు.
తొందరపడ్డావా, నీ మాటే నీ మాటను మింగేస్తుంది.

అలా ఆగి ఆగి చదువుతాను:
ఎనభై మూడేళ్ళ —
పెద్దాయన —
బూడిదరంగు స్వెట్టరు —
ఎడమ కాలికి చెప్పు —
కుడి కాలికి రబ్బరు బూటు —
పేరు చెప్పకూడదు, అది నియమం.
చెప్పకపోయినా అందరికీ తెలుసు
ఆ రెండు కాళ్ళూ ఎవరివో.

కురామోచి తత్సుజో గారు.
నలభై ఏళ్ళు గ్యాసు మీటర్లు చూశారు.
రాత్రిళ్ళు ఊరి అగ్నిమాపక దళంలో, జీతం లేకుండా.
ఆయన తప్పిపోతారంటే వాళ్ళావిడ ఒప్పుకోరు.
డ్యూటీకి వెళ్ళారంటారు.
నిజమే కాబోలు.
ఇల్లు కూలి గడ్డి మొలిచిన చోట వంగి
కనపడని అంకెలేవో చదివి
అరచేతిలో వేలితో రాసుకుంటారు.
బాకీలేవీ వదలరు.

కిందటి మార్చిలో
టార్చీలతో పదకొండు మంది దేవదారు తోపులోకి వెళ్ళారు.
అర్ధరాత్రి దాటాక తిరిగొచ్చారు.
దళపతి లెక్కపెట్టాడు, పన్నెండు.
మళ్ళీ పెట్టాడు, పన్నెండే.
వరస చివర తత్సుజో గారు,
చేతిలో బ్యాటరీ అయిపోయిన టార్చి.
"పాపం, ఎవరో పెద్దాయనట. ఈ చలిలో.
దొరికాడా?"
"దొరికాడు" అన్నాడు దళపతి, ఇంకేమనాలో తెలీక.
"హమ్మయ్య" అన్నారాయన.

దొరికారు, సహకరించిన అందరికీ కృతజ్ఞతలు:
ఆ కాగితం నా సొరుగులోనే ఉంటుంది ఎప్పుడూ.
టైము దగ్గర ఖాళీ.

ఇప్పుడు నవంబరు. ఇవాళ మూడో రోజు.
రెండు రాత్రులు వాన.
పోలీసు కుక్క వచ్చింది, మంగోడు రేవు నుంచి పడవలు వచ్చాయి.
ఏటి ఒడ్డున ఒక చెప్పు దొరికింది,
అది ఇంకెవరిదో.
మూడో రోజుతో ప్రకటన ఆపేయాలి.
అదీ నియమమే.

నాలుగున్నరకు ఫుసాయే గారు వచ్చారు.
కారుతున్న గొడుగుతోనే కౌంటరు దాకా వచ్చి
"ఇవాళ వేరేది చదువమ్మా" అన్నారు.
"నేను తప్పిపోయానని చదువు."

నేను కలం కింద పెట్టాను.

"ఆయన కోసం ఎంత పిలిచినా ఆయన రారు.
తప్పిపోయింది తనేనని తెలిస్తే కదా!
ఇంకెవరో కనపడటం లేదంటే మాత్రం
ఏ తుప్పలో ఉన్నా లేచొస్తారు."

అబద్ధం చదవకూడదండీ, అన్నాను.

"అబద్ధమేముంది?
రెండేళ్ళుగా నా ఎదురుగా కూచుని
నేను పోసిన సూపు తాగుతూ
ఫుసాయే ఎటు పోయింది, ఇంకా రాలేదేం
అని నన్నే అడుగుతున్నారు.
ఆయన వెతకని రోజు లేదు."

ఐదు కావస్తోంది.
మా పైఅధికారి లేచి కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు,
చెవుడు వచ్చినవాడిలా.
మీట నొక్కాను.

ఎనభై ఒక్కేళ్ళ —
ఆవిడ తన ఒంటికేసి చూసుకుంటూ
ఒక్కొక్కటే అందించారు:
నీలం ఏప్రను —
మోచేతి దగ్గర మాసిక —
ఎడమ చేతికి వాచీ, నడవదు —
"పేరు కూడా" అన్నారు.

పేరు చదివాను.
ఆగాను.
ఎప్పుడూ ఆగేదానికన్నా ఎక్కువసేపే ఆగాను.
కొండ ఆ పేరు తిరిగి ఇచ్చినప్పుడు
ఆవిడ గుమ్మంలో ఉన్నారు,
ఎవరో పిలిచినట్టు తల కొంచెం పక్కకు వంచి.

కొండ కింద టార్చీలు వెలుగుతున్నాయి.
లెక్కపెట్టడం మొదలుపెట్టాను.
తొమ్మిది దాకా వచ్చాక వాన అడ్డొచ్చింది.