శివారు నీళ్ళు

మిరపయార్డు ఘాటుకి తుమ్ముకుంటూ
ల్యాబు తాళం తీయబోతే
మెట్టు మీద నాంచారమ్మ.
చేతిసంచిలో మూడు సీసాలు:
దగ్గుమందుది, థమ్సప్‌ది,
మూత పోయి గుడ్డ కుక్కింది ఇంకోటి.

నిజాంపట్నం నుంచి తొలి బస్సుకి వస్తుంది
ఏటా నాట్లకి ముందు, గుంటూరు దాకా.
మీటరు నిలకడకి వచ్చేలోపు
వేలు తడిపి నాలుక్కి రాసుకుని
"పోయినేటి మీద చిటికెడెక్కువ" అంటుంది.
పదకొండేళ్ళు.
నా మీటరు ఆ నాలుకని ఒక్కసారీ కాదనలేదు.

నేను అంకె వేస్తాను.
కాగితం అడుగున అచ్చేసిన సలహాలు చదివి వినిపిస్తాను:
జీలుగ చల్లి కలియదున్నండి,
చవుడుకి ఓర్చే వంగడం వేయండి,
మంచినీళ్ళు పెట్టి ఉప్పు కడగండి.
అక్కడ ఆపుతుంది నన్ను.
"మంచినీళ్ళా?
కృష్ణ దుగ్గిరాల లాకులు దాటాక
మా శివారుకొచ్చేది కాలువ కాదు బాబూ,
కాలువ తాలూకు కబురు."

ఆమె లెక్కలు నా ఫారంలో పట్టవు.
ఇంటి అరుగు రెండుసార్లు ఎత్తించింది,
ఒకప్పటి మూడో మెట్టు ఇప్పుడు మొదటిది.
మురుగుకాలువ తలుపు తుప్పుపట్టి
సగంలో బిగుసుకుపోతే
పోటు రాత్రి ఊరంతా ఇసకబస్తాలేసి
లాంతర్లతో కాపలా కాసింది.
నీళ్ళు బస్తాల మీంచి రాలేదు.
బోర్లోంచి వచ్చాయి.
"సముద్రం తలుపు కొడుతుందనుకున్నాం.
లేచి చూస్తే వంటింట్లో కూర్చునుంది."

పక్క చేలో మరిది రొయ్యల చెరువు తవ్వాడు.
తన పొలంలో అతని ఉప్పెంత, సముద్రపు ఉప్పెంత,
వాటాలు తేల్చమంటుంది.
మీటరుకి మనుషుల పేర్లు తెలియవు.
నాకు తెలుసు, రాయను.

గుడ్డ కుక్కిన సీసాలో నీళ్ళు లేవు.
నల్లటి బురద, అందులో నిలబెట్టిన పచ్చటి మొలక.
"గుంటూరోడివి, మిరపకాయనుకునేవు.
మడ. చెట్టు మీదే మొలకెత్తి
బురదలోకి నిటారుగా దూకుద్ది.
ఏటివైపు అరెకరం వదిలేశా.
సముద్రానికి కాదు, దీనికి.
మిగిలిన ఎకరాన్ని ఇది కాస్తే కాస్తది,
లేకపోతే ఇద్దరం చూసుకుంటాం.
దీనికెంత ఉప్పు కావాలో చెప్పు."

ఎంత ఉంటే చేటో చెప్పే పట్టిక ఉంది నా దగ్గర.
ఎంత కావాలో చెప్పేది లేదు.

ఖాళీ సీసాలు కడిగి సంచిలో వేసుకుంది,
వచ్చేయేటికి కావాలంటూ.
మొలక మాత్రం కిటికీలో వదిలి వెళ్ళింది.

సాయంత్రం కుళాయి నీళ్ళు పోయబోయి ఆగాను.
పుట్టిబుద్దెరిగి మొదటిసారి
ఉప్పు తూచి నీళ్ళలో కలిపాను,
వేలు తడిపి నాలుక్కి రాసుకున్నాను.
ఎంతో చెప్పలేకపోయాను.