సున్నా యూనిట్లు

బంగారుపాళ్యం రోడ్డులో
మూతబడిన మామిడి గుజ్జు ఫ్యాక్టరీ.
నెలకోసారి పోతాను, మీటరు చూడను.
నవంబరు: సున్నా యూనిట్లు.
గేటు పక్కన గొలుసుకి ఒక కుక్క. మొరిగింది.
డిసెంబరు: సున్నా. కూర్చునే మొరిగింది.
జనవరి: సున్నా. తల మాత్రం ఎత్తింది.
ఫిబ్రవరిలో అదీ లేదు.
నేను అంకె రాసుకున్నాను,
మినిమం చార్జీ బిల్లు చింపి
గేటు సందులో దోపినాను,
బండెక్కి వచ్చేసినాను.

ఎట్లాగూ ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి
నేనే చెప్పేస్తున్నా:
నాలుగు నెలలు చూసి పోయినవాణ్ణి నేనే.

వాచ్‌మన్ దీపావళికి ఊరికి పోయి
మళ్ళీ రాలేదంట.
జీతం రాని కాపలా మనిషి మానుకున్నాడు.
ఆ సంగతి కుక్కకి ఎవరూ చెప్పలేదు.
పరోటా అంగడి గజేంద్ర
గుర్తొచ్చిన దినం ఏదో విసిరేవాడు.
గుర్తు రాని దినాలెన్నో
దాని పక్కటెముకల మీద లెక్కపెట్టుకోవచ్చు.

మార్చిలో, గేటుకి ఇవతలే, వాసన.
మెడకి కట్టిన బెల్టు కండలోకి దిగిపోయి
పైన తోలు మూసుకోబోతా ఉండాది.
పురుగులు.
లైన్‌మన్ దొరస్వామికి ఫోన్ చేసి
కటింగ్ ప్లేరు తెప్పించినాను.
"కరస్తాదన్నా" అన్నాడు.
కరవలేదు.
గొలుసు తెగిన చప్పుడికి
మేమిద్దరం ఉలిక్కిపడినాం,
అది పడలేదు.

పశువుల ఆసుపత్రిలో డాక్టరమ్మ
టర్పెంటైన్ దూదితో ఒక్కొక్క పురుగూ తీస్తా
"పదకొండేళ్ళుంటాయి" అనింది.
చీటీలో పేరేమని రాయాలని అడిగింది.
నాకు తెలిసింది ఆ ఫ్యాక్టరీ సర్వీసు నంబరొక్కటే.
అదే రాయించినాను.

ఆపైన ఇల్లు వెతకడం.
మా ఇంటి ఓనరు బాడుగ పత్రంలో కుక్కకి చోటు లేదు.
గ్రీమ్స్‌పేటలో ఒకాయన: "జాతి కుక్కా?"
కట్టమంచిలో ఇంకొకాయన: "పిల్లయితే చెప్పప్పా."
ఆఫీసులో ఒకడు పకపకా నవ్వినాడు,
"రిటైరైనదానికి మళ్ళీ పోస్టింగా?" అని.

ఇస్త్రీ బండి మొగిలమ్మ మాత్రం
బొగ్గులు విసురుకుంటా అడిగింది:
"పళ్ళెన్ని ఉండాయి దానికి?"
"నాలుగో అయిదో."
"నాకంటే మేలే. తోడుకోని రా.
సంగటి కొంచెం జారుగా కెలుకుతా."

బండి కింద గోనెపట్ట పరిచింది.
పైన ఇస్త్రీపెట్టె వెచ్చన,
ఎవరివో ఆఫీసు చొక్కాల ఆవిరి.
గొలుసు లేదు.
అయినా ఆరడుగులు నడిచి ఆగిపోయేది,
ఎవరో మెడ లాగినట్టు నిలబడి
వెనక్కి తిరిగేది.
అవతల గిన్నె పెడితే
ఆకలితో దాన్నే చూస్తా కూర్చునేది.
మొగిలమ్మ తిట్టింది, బతిమాలింది.
ఆఖరికి దినానికి ఒక జానెడు
గిన్నెను జరుపుకుంటా పోయింది,
పక్కోడి చేనిలోకి
గట్టు జరిపే రైతు మాదిరి.

జూన్‌లో తోతాపురి లారీలు దిగినాయి.
ఏ పక్క గాలి వీచినా గుజ్జు ఉడికే వాసన.
ఆ పొద్దు అది లేచింది, ముక్కెత్తింది.
నాకు గుండె జారింది.
ఆయుస్సంతా కాపలా కాసిన వాసన కదా,
ఆ గేటు కాడికే పోతాదేమో.
ఆరడుగులు దాటింది.
గిన్నెను దాటింది.
రోడ్డు దాకా పోయి
నిలబడున్న మామిడి లారీ చక్రానికి
కాలెత్తి, తీరిగ్గా,
పాత బాకీ వడ్డీతో సహా కట్టినట్టు
పోసి, వచ్చి, పండుకునింది.
"అయిందా నీ పని?" అనింది మొగిలమ్మ
కాలరు మీద నీళ్ళు చిలకరిస్తా.

ఫ్యాక్టరీ మీటరు ఇంకా సున్నాలోనే ఉండాది.
అంకె రాసుకున్నాక ఇప్పుడు
ప్రతి గోడ చుట్టూ ఒక తూరి నడిచి చూస్తున్నా.
దొరస్వామి ప్లేరు
నేనింకా తిరిగియ్యలేదు.