పన్నెండు ఓల్టుల మణికట్టు

మణికట్టు అని
ఎవలు పెట్టిన్రో ఈ పేరు,
పదిహేడేండ్లు మణులకే కట్టేసిన్రు దీన్ని.

కుడిచేతిల గాజుకడ్డి,
ఎడమచేతిల సన్నటి ఉక్కుపుల్ల,
నడుమ నీలిమంట.
కరిగిన గాజు తేనెలెక్క జారవోతది.
కింద పడేలోపే దాన్ని మీదికి తెచ్చుడు,
మళ్ళ జారవోతే మళ్ళ తెచ్చుడు,
గంతే పని.
"మంటల ఉన్నంతసేపు నిద్రపోవద్దు నీ వేళ్ళు" అనేది
మా మేనత్త కనకలచ్చిమి.
సూదులు, పిన్నీసులు, పూసలు గంపల వెట్టుకొని
పరకాల దాంక నడిచిన మనిషి.
అమ్ముడు ఇడిసిపెట్టి చేసుడు నేర్చుకున్నది
నలభై దాటినంక.

ఎంజీఎంల డాక్టరమ్మకు
పూసగుచ్చినట్టు చెప్పిన:
రాత్రి తిమ్మిర్లు, పొద్దున చెంబు జారుడు,
జడేసుకునేటప్పుడు మూడోపాయ దొరకకపోవుడు.
నరం నలిగిందన్నది.
రెండు నెలలు చెయ్యి తిప్పొద్దన్నది.
మండిబజార్ సేటు
పన్నెండువందల నీలిపూసలకు బయానా ఇచ్చి
అప్పటికి వారం.

గప్పుడొచ్చిండు అంకూస్,
కాశిబుగ్గల బోరుమోటర్లు చుట్టేటోడు,
నల్లపూసైపోయినోడు,
తుక్కు కారుది వైపర్ మోటరు సంచిల ఏసుకొని.
"వానను తుడిచి తుడిచి అలిసింది,
నీ దగ్గర కూసోని తిరుగుతదిలే" అన్నడు.
దాని ముక్కుకు సైకిల్ వాల్‌ట్యూబు ముక్క తొడిగిండు,
అండ్ల నా పుల్ల గుచ్చిండు,
బల్లకు రెండు బోల్టులు.
స్విచ్చేసిండు.

తిరిగింది.
కొత్తవాడ జంపఖానా మగ్గాల మోతల
తుమ్మెదంత గొంతు దానిది.
వణుకు లేదు, విసుగు లేదు,
నడుమ లేసి పొయ్యి మీద పాలు చూసొచ్చుడు లేదు.
నాకెందుకో కోపమొచ్చింది.

మొదటి మూడు పూసలు పాడైనయి.
గాజు మెత్తవడ్డప్పుడు మెల్లగ,
అంచు గట్టివడంగ జర ఉరుకులాట.
దానికి అవేం ఎరుక?
పిండిగిర్నీ లెక్క ఒక్కటే తీరు.
అంకూస్ ఏం మాట్లాడకుండ పోయి
వాళ్ళ చెల్లె కుట్టుమిషను పెడలు పట్కొచ్చిండు.
"నీ చెయ్యికి తెలిసింది కాలుకు చెప్పు,
కాలు దీనికి చెప్తది."

నాలుగు రోజులు పట్టింది చెప్పుడు.
మడిమెకు భాష రాదు,
బొటనవేలుకు తొందరెక్కువ.
ఐదోనాడు గుండ్రంగొచ్చింది పూస,
ఎనక వచ్చినయన్నీ దాని అచ్చే.
బూడిదకుండల చల్లారవెట్టి,
నీళ్ళల్ల నానేసి
పుల్లను గుంజితే
మట్టిపూత రాలి బెజ్జం మిగిలింది.
నిన్ను తిప్పింది ఎవలని
బెజ్జాన్ని అడిగితే ఏం చెప్తది?

ఇగ ఎడమచెయ్యి సంగతి.
పదిహేడేండ్లల్ల మొదటిసారి
పనినడుమ వేడివేడి చాయ్ తాగిన.
చల్లారినదాన్నే చాయ్ అనుకొని బతికినదాన్ని.
చూస్తే,
గ్లాసును మెల్లగ తిప్పుతాంది నా చెయ్యి,
ఒలకకుండ,
ఎవలూ చెప్పకుండ.

ఎనిమిదివందల చిల్లర కాడ కరెంటు పోయింది.
మోటరు ఆగింది,
మంట ఆగలే.
పూస కడుపు కిందికి జారుతాంది.
ఆలోచన రాకముందే
గ్లాసు నేల మీద, పుల్ల నా వేళ్ళల్ల.
నొప్పి మోచెయ్యి దాంక ఎక్కింది గని
వేళ్ళు నిద్రపోలే.
ఒక పక్క జర పొట్టొచ్చింది పూసకు.
తీసి పక్కకు పెట్టబుద్ధి గాలే,
లెక్కల కలిపేసిన.

అప్పగించే పొద్దు దండలన్నీ
అంకూసే లెక్కవెట్టిండు,
కండ్లు మూసుకొని, తస్బీ తిప్పినట్టు.
తొమ్మిదో దండల ఉన్నది నాది.
ఊపిరి బిగవట్టిన.
అతని వేలు దాన్ని దాటిపోయింది,
ఆగలే.

నవ్వొచ్చింది.
ఎన్కనే ఇంకోటి సుత వచ్చింది,
దాని పేరు నాకు తెల్వది.
"రేపు బ్యాటరీ పెడ్త,
కరెంటు పోయినా తిరుగుతది" అన్నడు.
పెట్టమన్న.
ఇద్దరికి చాయ్ పోసిన.
అతని గ్లాసు బల్ల మీద కదలకుండ ఉన్నది.
నాది తిరుగుతాంది.